గ్రౌండు గట్టు మీద: రానియేరి గురించి వచ్చిన ఉత్తరాలు

గత సంచికలో ఒక పాఠకుడికి జవాబు రాస్తూ ఫుట్‌బాల్ కోచ్ క్లాడియో రానియేరి పేరు ఒక్క వాక్యంలో ఎత్తాను. కోచ్ పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే ఆ ఇటలీ పెద్దాయన బతుకు చూడమన్నాను, అంతే. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. అందుకే ఈసారి పేజీ అంతా ఆయనకే. కబడ్డీ, ఖోఖో ప్రశ్నలు పంపిన పిల్లలు ఏమీ అనుకోవద్దు, మీ జవాబులు వచ్చే సంచికలో ఉంటాయి.

కొత్త పాఠకుల కోసం రెండు మాటలు. నేను కాజీపేట రైల్వే గ్రౌండులో ఫుట్‌బాల్ లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమ అంచున కాపుకాసే డిఫెండర్‌గా ఆడి పెరిగాను. 31 ఏళ్లు ప్రభుత్వ బడుల్లో పీఈటీగా పనిచేసి, ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను.

ప్రశ్న (రిటైర్డ్ రైల్వే ఉద్యోగి, కాజీపేట): సార్, మీరు మెచ్చుకున్న మనిషి ఇరవై దాకా ఉద్యోగాలు మారిండని మా మనవడు ఫోన్‌లో చూసి చెప్పిండు. మేం చేరిన షెడ్డులోనే రిటైరైనోళ్లం. ఒక్క దగ్గర కుదురుగ ఉండనోడు గొప్పోడెట్లయితడు?

జవాబు: అన్నా, మీకు తెలిసిన సంగతితోనే చెప్తాను. ఎక్కడైనా పట్టాలు తప్పితే కాజీపేట నుంచి బ్రేక్‌డౌన్ వ్యాన్ పోయేది గుర్తుందా? అర్ధరాత్రి సైరన్ మోగితే మీవాళ్లు అన్నం ముందు నుంచి లేచి పరుగెత్తేవాళ్లు. ఆ బండి ఒక రోజు డోర్నకల్ వైపు, ఇంకో రోజు బల్లార్షా వైపు. దాన్ని కుదురులేని బండి అని మనం ఎప్పుడూ అనలేదు కదా.

ఫుట్‌బాల్ క్లబ్బులో మేనేజర్ కుర్చీ ఖాళీ అయ్యేది సాధారణంగా జట్టు వరసగా ఓడి, ఉన్నాయన్ని తీసేసినప్పుడే. కొత్తగా వచ్చేవాడు పట్టాలు తప్పిన చోటికే వస్తాడు. రానియేరిని దాదాపు 40 ఏళ్లపాటు ఎక్కువసార్లు అలాంటి చోట్లకే పిలిచారు.

1986లో ఆట మానేసి, దక్షిణ ఇటలీలో లమేజియా అనే ఊరి చిన్న జట్టుతో మొదలుపెట్టాడు. తర్వాత నేపుల్స్ పక్కన పుతియోలానా. 1988లో సార్డీనియా దీవిలోని కాల్యారి క్లబ్బు పిలిచింది. అప్పుడు ఆ జట్టు మూడో డివిజన్‌లో ఉంది. ఏటా కింది డివిజన్‌లో బాగా గెలిచిన జట్లు పైకి ఎక్కుతాయి, పై డివిజన్‌లో అడుగున ఉన్నవి కిందికి పడతాయి. 1989లో రెండో డివిజన్‌కు, 1990లో ఏకంగా మొదటి డివిజన్‌కు ఎక్కించాడు. ఆ పై ఏడాది కింద పడకుండా నిలబెట్టాడు. ఆయన పేరు ఇటలీ అంతా తెలిసింది అప్పుడే.

1991లో నేపుల్స్ జట్టు నాపోలి. మారడోనా వెళ్లిపోయిన ఇల్లు అది, దాన్ని నాలుగో స్థానంలో నిలిపాడు. 1993లో ఫియోరెంతీనా. రెండో డివిజన్‌కు పడిపోయిన ఆ జట్టును ఏడాదిలో పైకి తెచ్చి, 1996లో ఇటాలియన్ కప్పు గెలిపించాడు. 1997లో స్పెయిన్‌లో వాలెన్సియా. 1999లో వాళ్లకు స్పెయిన్ రాజు పేరు మీది కప్పు తెచ్చిపెట్టి వెళ్లాడు. ఆ తర్వాత వరసగా రెండేళ్లు వాలెన్సియా, యూరప్‌లోని పెద్ద క్లబ్బులు తలపడే చాంపియన్స్ లీగ్‌లో ఫైనల్ ఆడింది, వేరే కోచ్ కింద.

లండన్ క్లబ్బు చెల్సీలోనూ ఇదే జరిగింది. 2000లో ఇంగ్లిష్ రాకుండానే లండన్‌లో దిగాడు. 2001లో లాంపార్డ్‌ను కొనిపించాడు, కుర్రవాడైన టెర్రీని నమ్మి ఆడించాడు. 2003లో రష్యా కోటీశ్వరుడు అబ్రమోవిచ్ క్లబ్బును కొన్నప్పటినుంచీ రానియేరి కుర్చీ పోతుందని పేపర్లు రోజూ రాశాయి. ఆ టెన్షన్‌లోనే 2004లో లీగ్‌లో రెండో స్థానం, చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ దాకా తీసుకెళ్లాడు. అయినా పంపేశారు. తర్వాత పోర్చుగల్ కోచ్ మౌరీన్యో వచ్చి వరసగా రెండుసార్లు లీగ్ గెలిచాడు. విత్తింది ఒకరు, కోత కోసింది ఇంకొకరు. వచ్చిన మనిషి గొప్పతనాన్ని తక్కువ చేయడం లేదు. కానీ దుక్కి దున్నిన చెయ్యిని మరచిపోవద్దంటున్నాను.

ఆ తర్వాత మళ్లీ వాలెన్సియా, పార్మా, జువెంటస్, రోమా, ఇంటర్ మిలాన్. 2012లో మొనాకో ఫ్రాన్స్ రెండో డివిజన్‌లో ఉండగా వెళ్లి, 2013లో చాంపియన్‌గా పైకి తెచ్చాడు. 2014లో మొదటి డివిజన్‌లో రెండో స్థానం. అక్కడా తీసేశారు. అన్నిచోట్లా గెలిచాడని చెప్పను. గ్రీస్ దేశపు జట్టుతో నాలుగే మ్యాచ్‌లు ఉన్నాడు, ఫారో దీవుల చేతిలో సొంత గడ్డ మీద ఓడాక పంపేశారు. ఇంగ్లండ్‌లోనే ఫుల్హామ్‌లో, వాట్‌ఫర్డ్‌లో నాలుగు నెలలైనా నిండలేదు. బ్రేక్‌డౌన్ వ్యాన్ వెళ్లిన ప్రతిచోటా పెట్టెలన్నీ బాగుపడవు, అది మీకే బాగా తెలుసు.

ప్రశ్న (విద్యార్థిని, ఇంటర్ రెండో సంవత్సరం, జనగామ): మేనేజర్, కోచ్ ఒకటేనా సార్?

జవాబు: పెళ్లివంటలు గుర్తు చేసుకో తల్లీ. సరుకులు కొనేవాడు ఒకడు, గరిటె తిప్పేవాడు ఒకడు. ఇంగ్లండ్‌లో పాత పద్ధతి ప్రకారం రెండు పనులూ మేనేజర్‌వే. ఎవర్ని కొనాలి, ఎవర్ని అమ్మాలి, ఎవరు ఆడాలి, అన్నీ ఆయనే చూసుకునేవాడు. ఇటలీలో కొనడం అమ్మడం చూడటానికి వేరే డైరెక్టర్ ఉంటాడు, వంట మాత్రం కోచ్‌ది. ఇప్పుడు ఇంగ్లండ్ కూడా ఇటలీ దారిలోకే వచ్చింది. సరుకు ఒకరు తెచ్చినా, ఉప్పు ఎక్కువైతే మాట పడేది మాత్రం గరిటె పట్టినవాడే.

ప్రశ్న (డిగ్రీ విద్యార్థి, కరీంనగర్): రానియేరి జట్టు లెస్టర్ సిటీ 2016లో ఇంగ్లండ్ మొదటి డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ గెలవడం లక్కు అంటారు. పెద్ద జట్లన్నీ ఆ ఏడాది దెబ్బతిన్నాయి కాబట్టి గెలిచారని మా ఫ్రెండ్స్ వాదన. మీరేమంటారు?

జవాబు: మీ ఫ్రెండ్స్ చెప్పిందాంట్లో నిజం లేకపోలేదు. చెల్సీ ఆ ఏడాది పదో స్థానానికి జారింది. కానీ 38 మ్యాచ్‌ల లీగ్‌లో మూడింట్లోనే ఓడి, 81 పాయింట్లు తెచ్చుకుని, రెండో జట్టు ఆర్సెనల్ కంటే 10 పాయింట్లు ముందున్న జట్టును లక్కు అనే మాటతో కొలవలేం. అదృష్టం ఒక మ్యాచ్ గెలిపిస్తుంది. తొమ్మిది నెలలు గెలిపించదు.

రానియేరి 2015 జులైలో అక్కడికి వెళ్లేటప్పటికి పరిస్థితి చూడు. అంతకుముందు సీజన్‌లో చాలా వారాలు అట్టడుగున ఉండి, చివర్లో వరసగా గెలిచి 14వ స్థానంలో బయటపడ్డ జట్టు అది. గెలిపించిన మేనేజర్‌ను తీసేసి, గ్రీస్‌లో తరిమేసిన 63 ఏళ్ల మనిషిని తెచ్చారు. లెస్టర్‌లో పుట్టి లెస్టర్‌కే ఆడిన గ్యారీ లినేకర్ కూడా రానియేరినా, నిజంగానా అని అందరి ముందూ ఆశ్చర్యపోయాడు. బెట్టింగ్ షాపులు ఈ జట్టు కప్పు గెలిస్తే రూపాయికి ఐదు వేలు ఇస్తామన్నాయి.

కొత్తగా వచ్చిన పెద్ద కోచ్‌లు సాధారణంగా తమ మనుషుల్ని వెంట తెచ్చుకుని, తమ పద్ధతి రుద్దుతారు. ఈయన ముందు చూశాడు. పాత మేనేజర్ దగ్గర పనిచేసిన సహాయకుల్ని అలాగే ఉంచుకున్నాడు. ఆటగాళ్లు ఇటలీ ఎత్తుగడల్ని చూసి భయపడుతున్నారని గమనించి, వాటి గురించి తక్కువ మాట్లాడాడు. వాళ్లకు పరుగు ఉంది, కలిసి పనిచేసే గుణం ఉంది. దానిమీదే కట్టాడు. వారంలో రెండు రోజులు పూర్తిగా సెలవు ఇచ్చాడు.

మార్చాల్సింది మాత్రం మార్చాడు. సెప్టెంబరులో ఆర్సెనల్ వచ్చి 5-2తో కొట్టి పోయింది. ఆ తర్వాత రెండు అంచుల్లో ఉండే డిఫెండర్లను, అంటే ఫుల్ బ్యాక్‌లను మార్చి సింప్సన్‌ను, ఫుక్స్‌ను పెట్టాడు. నేను లెఫ్ట్ బ్యాక్‌ను కాబట్టి చెప్తున్నాను, అందరూ స్ట్రైకర్ వార్డీ గోల్స్ గురించే మాట్లాడతారు, ఆ సీజన్ మలుపు మాత్రం అక్కడుంది. అప్పటికీ గోల్ ఇవ్వకుండా ఒక్క మ్యాచ్ ముగించలేదు. గోల్ ఇవ్వకుండా ఆడితే అందరికీ పిజ్జా పెట్టిస్తానన్నాడు. అక్టోబరులో క్రిస్టల్ ప్యాలెస్ మీద 1-0తో గెలిచారు. మాట ప్రకారం తీసుకెళ్లాడు, కానీ పిజ్జా ఎవరిది వాళ్లే చేసుకోవాలన్నాడు. కోట్లు సంపాదించే ఆటగాళ్లు పిండి పిసికి గుండ్రంగా చేసి, పైన టమాటా రాసి, ఓవెన్ దగ్గర వరసలో నిలబడ్డారు. కష్టపడకుండా పిజ్జా కూడా రాదని చెప్పడానికి అంతకన్నా మంచి పాఠం ఉంటుందా?

ప్రాక్టీసులో ఎవరి ధ్యాసైనా పక్కకు పోతే, నోటితోనే డిల్లీ డింగ్ డిల్లీ డాంగ్ అని గంట మోగించేవాడు. క్రిస్మస్‌కు అందరికీ చిన్న చిన్న గంటలు కొనిచ్చాడు. మా బడిలో వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క మీద ఇనుప కడ్డీతో కొట్టేవాళ్లం. ఆ చప్పుడుకి ఎక్కడి పిల్లాడైనా తిరిగి చూసేవాడు. ఆ సంగతి చదివిన రోజు నాకు ఆ పట్టా ముక్కే గుర్తొచ్చింది.

ఇక ఆటగాళ్లు. వార్డీ చిన్న లీగుల్లో ఆడుతూ ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. ఆ సీజన్‌లో వరసగా 11 మ్యాచ్‌ల్లో గోల్ కొట్టాడు, మొత్తం 24. ఫ్రాన్స్ రెండో డివిజన్ నుంచి వచ్చిన మహరెజ్ 17 కొట్టాడు. మధ్యలో కాంటే, అలసట తెలియని మనిషి. జట్టును మాటిమాటికీ మారుస్తాడని ఇంగ్లిష్ పేపర్లు రానియేరికి చెల్సీ రోజుల్లో టింకర్‌మ్యాన్ అని పేరు పెట్టాయి. ఆ మనిషే లెస్టర్‌లో మొత్తం లీగ్‌లో అందరికన్నా తక్కువ మార్పులు చేశాడు. దాదాపు ముప్ఫై ఏళ్ల అలవాటును 64 ఏళ్ల వయసులో పక్కన పెట్టడం ఎంత కష్టమో నీకు ఇప్పుడు తెలియదు నాన్నా. నాకు తెలుసు.

2016 మే 2న, అప్పటికి రెండో స్థానంలో ఉన్న టోటెన్‌హామ్ చెల్సీతో 2-2 డ్రా చేసుకోవడంతో లెస్టర్ చాంపియన్ అయింది. ఆ రోజు మధ్యాహ్నం రానియేరి ఎక్కడున్నాడో తెలుసా? 96 ఏళ్ల తల్లితో భోజనం చేయడానికి ఇటలీ వెళ్లి వచ్చాడు.

ప్రశ్న (ఒక తల్లి, హుజూరాబాద్): మా బాబు 9వ తరగతి. బడి జట్టులో ఒక మ్యాచ్‌లో ముందు ఆడిస్తారు, ఇంకోదాంట్లో వెనక నిలబెడతారు, మరోదాంట్లో కూర్చోబెడతారు. వాడు ఇంటికొచ్చి అన్నం తినడం లేదు. నేను వెళ్లి ఆ సార్‌ను నిలదీయనా?

జవాబు: అమ్మా, మీ బాధ నాకు అర్థమైంది. ముందు రెండు మ్యాచ్‌ల కథ చెప్తాను.

2004 ఏప్రిల్‌లో చెల్సీ మొనాకో వెళ్లి చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ మొదటి మ్యాచ్ ఆడింది. స్కోరు 1-1. రెండో సగంలో మొనాకో ఆటగాడొకరు రెడ్ కార్డుతో బయటికి పోయాడు, పది మందే మిగిలారు. రానియేరి గెలుపు అక్కడికక్కడే తేల్చేద్దామనుకున్నాడు. డిఫెండర్‌ను తీసి స్ట్రైకర్‌ను దింపాడు, ఇంకో మార్పు చేశాడు, ఎవరు ఎక్కడ ఆడాలో ఆటగాళ్లకే అర్థం కాలేదు. పది మంది మొనాకో చివరి పదిహేను నిమిషాల్లో రెండు గోల్స్ కొట్టి 3-1తో గెలిచింది. రెండో మ్యాచ్ 2-2తో ముగిసి చెల్సీ ఇంటికి పోయింది.

ఆరేళ్ల తర్వాత, 2010 ఏప్రిల్ 18. రోమ్ నగరంలో రోమా, లాజియో జట్ల పోరు. రోమా 1-0తో వెనకబడింది. సగం ఆట అయ్యాక రానియేరి ఇద్దర్ని బయట కూర్చోబెట్టాడు. వాళ్లెవరో కాదు, కెప్టెన్ టొట్టి, డి రోస్సి. ఇద్దరూ రోమ్ బిడ్డలు, ఆ ఊరికి కళ్లలాంటివాళ్లు. ఊరి పోరు కావడంతో వాళ్లు మరీ ఉద్రేకంగా ఆడుతున్నారని ఆయనకు అనిపించింది. ఓడితే ఆ రాత్రి ఆయన సొంత ఊళ్లోనే తలెత్తుకు తిరగలేడు. రోమా 2-1తో గెలిచింది.

ఒకే మనిషి, ఒకే అలవాటు. ఒకచోట తప్పింది, ఒకచోట ఒప్పింది. కోచ్ చేసే మార్పు బయటికి పిచ్చిగా కనపడినా లోపల కారణం ఉండొచ్చు. కాబట్టి నిలదీయవద్దు. కానీ కారణం తెలుసుకునే హక్కు మీ బాబుకు ఉంది. ఇది నేను చేసిన తప్పు వల్ల నేర్చుకున్నది, దాచకుండా చెప్తాను.

చాలా ఏళ్ల కింద ఒక జోనల్ ఫైనల్. స్కోరు 1-1, పది నిమిషాలు ఉంది. ఎదుటి జట్టు రైట్ బ్యాక్ బాగా పొడుగు, తల మీదికొచ్చిన ప్రతి బంతీ వాడిదే. మా లెఫ్ట్ వింగ్ పిల్లాడు పొట్టివాడు. వాణ్ణి తీసి పొడుగాటి పిల్లాణ్ణి పంపాను. బయటికొచ్చిన పిల్లాడు గ్రౌండు పక్కన ఇటుకల కుప్ప మీద కూర్చున్నాడు. ఎడమ బూటు లేసు ఎప్పుడో తెగితే ముడేసుకున్నాడు. ఆ లేసు మొత్తం విప్పాడు. మళ్లీ ఎక్కించడం మొదలుపెట్టాడు. ముడి దగ్గరికి వచ్చేసరికి అది రంధ్రంలో దూరడం లేదు. కొసను నోట్లో పెట్టి తడిపి, వేళ్లతో మెలితిప్పి, మళ్లీ దూర్చాడు. మళ్లీ విప్పాడు. ఆ పది నిమిషాలూ అదే పని. గ్రౌండు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మేం గోల్ కొట్టినప్పుడు అందరూ కేకలు పెట్టినా తలెత్తలేదు.

మేం గెలిచాం. కప్పు పట్టుకుని ఫొటో దిగాం. వాణ్ణి ఎందుకు తీశానో ఆ రోజు చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు. పొడుగు వల్ల తీశాను, ఆట బాగాలేక కాదు అని ఒక్క మాట చాలు. వారం తిరిగేసరికి వాడు ప్రాక్టీసుకు రావడం మానేశాడు. నేను ఇంటికి వెళ్లేసరికి వాడు బట్టల దుకాణంలో పనికి కుదిరాడని చెప్పారు. ఇప్పటికీ ఎవరైనా పిల్లాడు వంగి బూటు లేసు కట్టుకుంటుంటే నా కడుపులో దేవినట్టవుతుంది.

మీ బాబును ప్రాక్టీసు అయ్యాక సార్ ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి, "సార్, నేను ఆడాలంటే ఏం మెరుగుపరచుకోవాలి?" అని అడగమనండి. ఎందుకు తీశారని కాకుండా, ఏం చేయాలని అడగాలి. మంచి కోచ్ అయితే చెప్తాడు. రెండుసార్లు అడిగినా చెప్పకపోతే అప్పుడు మీరు వెళ్లండి. ఆ సార్‌కు ఈ పేజీ చూపించినా నాకు అభ్యంతరం లేదు.

ప్రశ్న (ఆటోడ్రైవర్, వరంగల్): మన దిక్కు ఇట్లాంటి కోచ్‌లు లేరా? ఎప్పుడూ ఇటలీ, ఇంగ్లండేనా?

జవాబు: ఎందుకు లేరు తమ్ముడూ! హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన మన జట్టుకు కెప్టెన్. కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. తర్వాత కోచ్ అయి, 1990లో ఈస్ట్ బెంగాల్‌కు ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్ మూడు కప్పులూ ఒకే ఏడాది తెచ్చాడు. మోహన్ బగాన్, భారత జట్టు, ఢాకాలో బ్రదర్స్ యూనియన్, బంగ్లాదేశ్ జాతీయ జట్టు, ఇలా ఆయన కూడా పిలిచిన చోటికల్లా వెళ్లాడు. అర్జున, ద్రోణాచార్య రెండూ అందుకున్నాడు.

అంతకుముందు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన చేతి మీదుగానే. 1963లో క్యాన్సర్‌తో పోయాడు. ఆయన కూడా బడిపంతులే. ఈ మాట రాసేటప్పుడు నాకు గర్వంగా ఉంటుంది.

ఇటలీ సంగతి అంటారా, అది మనకు మరీ దూరం కూడా కాదు. కాజీపేట ఫాతిమానగర్‌లో మా చిన్నప్పుడు ఇటలీ ఫాదర్లు ఉండేవాళ్లు. 1982లో ఇటలీ ప్రపంచకప్పు గెలిచినప్పుడు నాకు ఇరవై ఏళ్లు. తెల్లగడ్డం ఫాదర్ ఒకాయన సైకిలు ఆపి మా అందరికీ చాక్లెట్లు పంచి, మళ్లీ సైకిలెక్కి, గుర్తొచ్చి వెనక్కి వచ్చి ఇంకోటి చొప్పున పంచాడు.

ప్రశ్న (27 ఏళ్ల యువకుడు, గోదావరిఖని): కాంట్రాక్ట్ పని చేసుకుంటూ సింగరేణి గ్రౌండులో ఆడేవాణ్ణి. మోకాలు పోయింది, ఇక ఆడలేను. జిల్లా స్థాయి దాటలేదు. పేరున్న ఆటగాణ్ణి కాని నేను కోచ్ కావచ్చా?

జవాబు: తప్పకుండా కావచ్చు. రానియేరి రోమ్‌లో మాంసం కొట్టు నడిపే ఇంట్లో పుట్టాడు. చిన్నప్పటినుంచీ రోమా అంటే ప్రాణం. ఆ జట్టుకు ఆడింది ఎన్ని లీగ్ మ్యాచ్‌లో తెలుసా? ఆరు. తర్వాత 1974 నుంచి 1982 దాకా దక్షిణాన కతన్‌జారో అనే చిన్న క్లబ్బుకు డిఫెండర్‌గా ఆడాడు. ఆ తర్వాత కతానియా, పలెర్మో. ఇటలీ జాతీయ జట్టు చొక్కా ఒక్కసారి కూడా వేసుకోలేదు. కానీ కింది డివిజన్ నుంచి పైకి ఎక్కడం ఎలా ఉంటుందో ఆటగాడిగానే చూశాడు. కోచ్‌గా అదే పని పదేపదే చేశాడు. స్టార్ ఆటగాడికి ఆట దానంతటదే వస్తుంది. నీలాంటివాడు ఒక్కో సంగతీ కష్టపడి నేర్చుకుని ఉంటాడు, కాబట్టి ఇంకొకరికి విడమరచి చెప్పగలడు.

దారి ఇది. ఆలిండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ కోచింగ్ లైసెన్సులు డి, సి, బి, ఏ, ప్రో అని మెట్లు మెట్లుగా ఉంటాయి. ముందు డి లైసెన్సు చెయ్యి. రాష్ట్ర సంఘం ద్వారా కోర్సు వివరాలు తెలుస్తాయి. పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది, డిప్లొమా కూడా ఉంది. కాగితం కోసం ఆగకుండా మీ కాలనీలో పదేళ్ల పిల్లల్ని పది మందిని పోగుచేసి రేపటినుంచే మొదలుపెట్టు. ఒక నోటుబుక్కు పెట్టుకుని ప్రతి పిల్లాడి పేరు ఎదురుగా వాడు ఏ కాలితో ఆడతాడు, ఏ బంతికి భయపడతాడు రాసుకో. ముందు మోకాలు మంచి డాక్టరుకు చూపించుకో. పిల్లల వెంట పరుగెత్తడానికైనా అది కావాలి.

ప్రశ్న (సింగరేణి రిటైర్డ్ కార్మికుడు, మంచిర్యాల): సార్, ఇరవై ఏళ్లు మా కాలనీ పిల్లలకు పైసా తీసుకోకుండ ఆట నేర్పిన. రెండేండ్ల కింద కొత్తగ వచ్చినోళ్లు, ఇగ మీరు రావద్దన్నరు. ఇప్పుడు జట్టు వరసగ ఓడుతున్నదని మళ్ల పిలుస్తున్నరు. మనసొప్పుతలేదు. లెస్టర్ వాళ్లు కప్పు తెచ్చినాయన్నే తీసేసిండ్రట కదా. ఆయనకు రోషం రాలేదా?

జవాబు: అన్నా, ఈ ఉత్తరం నాలుగుసార్లు చదివాను.

అవును, తీసేశారు. కప్పు గెలిచిన తొమ్మిది నెలలకు, 2017 ఫిబ్రవరి 23న. ముందు రోజే స్పెయిన్‌లో సెవియా చేతిలో చాంపియన్స్ లీగ్ మ్యాచ్ 2-1తో ఓడారు. లీగ్‌లో జట్టు పడిపోయే అంచున ఉంది. నిన్న నా కల చచ్చిపోయింది అని ఆయన ప్రకటన ఇచ్చాడు. అంటే బాధ పడ్డాడు, దాచుకోలేదు. కానీ ఆ క్లబ్బును గానీ ఆటగాళ్లను గానీ తిట్టలేదు. చెల్సీలో ఆయన కుర్చీ తీసుకున్న మౌరీన్యో, ఏళ్ల తరబడి ఆయనతో మాటల యుద్ధం చేసిన మనిషి, ఆ వారం రానియేరి పేరులోని మొదటి అక్షరాలు చొక్కా మీద వేసుకుని పేపరువాళ్ల ముందుకు వచ్చాడు.

ఇప్పుడు మీ సంగతికి దగ్గరగా ఉన్నది చెప్తాను. మొదటి మెట్టులో ఆయనకు పేరు తెచ్చిన కాల్యారి గుర్తుంది కదా. 2022 చివర్లో ఆ క్లబ్బు రెండో డివిజన్‌లో మధ్యలో ఇరుక్కుని మళ్లీ పిలిచింది. అప్పటికి ఆయనకు 71 ఏళ్లు. అక్కడ పని చెడితే పాత మంచిపేరు కూడా పోతుంది. అయినా వెళ్లాడు. 2023 జూన్ 11న బారి నగరంలో, మొదటి డివిజన్‌కు ఎవరు ఎక్కాలో తేల్చే ఆఖరి మ్యాచ్. మొదటి మ్యాచ్ 1-1. ఈ మ్యాచ్ డ్రా అయితే బారి జట్టే పైకి పోతుంది. 90 నిమిషాలు దాటినా గోల్ లేదు. 94వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన పవొలెట్టి గోల్ కొట్టాడు. స్టేడియం అంతా నిశ్శబ్దం. ఒక మూల కాల్యారి నుంచి సముద్రం దాటి వచ్చినవాళ్లు మాత్రం గంతులేస్తున్నారు. రానియేరి ఏడ్చాడు. వాళ్ల దగ్గరికి వెళ్లాడు. ఓడిన బారి వాళ్లను ఎగతాళి చేస్తుంటే చెయ్యెత్తి ఆపమన్నాడు. వాళ్ల కోసం చప్పట్లు కొట్టండన్నాడు. ఈ సంగతి నేను ఎవరికి చెప్పినా గొంతు పూడుకుపోతుంది.

మరుసటి ఏడాది కాల్యారిని మొదటి డివిజన్‌లో నిలబెట్టి, ఇక చాలని 2024 మేలో రిటైరయ్యాడు. ఆ నవంబరులో సొంత ఊరి రోమా మూడోసారి పిలిచింది. జట్టు 12వ స్థానంలో ఉంది. 73 ఏళ్ల వయసులో వెళ్లి, 2025 మే నాటికి ఐదో స్థానానికి తెచ్చి అప్పగించాడు.

రోషం మీకు ఉండాలి, ఉండటం తప్పు కాదు. కానీ మిమ్మల్ని రావద్దన్నది పెద్దలు. ఓడిపోతున్నది పిల్లలు. ఆ పిల్లల్లో సగం మంది మీరు ఉన్నప్పుడు జట్టులో కూడా చేరి ఉండరు.

వెళ్లండన్నా. ఒక షరతు పెట్టండి, ఎవరు ఆడాలో మీరే చెప్తారని. జీతం సంగతి మీ ఇష్టం, కానీ బంతులు, నెట్టు వాళ్లే కొనాలి. మొదటి వారం ఏమీ మార్చకండి. ఇప్పుడున్న కుర్రకోచ్‌ను పంపేయనివ్వద్దు, పక్కన పెట్టుకోండి, ఏ పిల్లాడు ఎలాంటివాడో అతనికే తెలుసు. గట్టు మీద కూర్చుని చూడండి. రెండో సోమవారం నుంచి మొదట వెనక లైనును, అంటే డిఫెన్సును సరిచేయండి, గోల్స్ సంగతి తర్వాత. ఆట మధ్యలో ఎవర్నైనా తీస్తే, వాడు వచ్చి కూర్చోగానే పక్కకు వెళ్లి ఎందుకు తీశారో చెప్పండి.

మొదటి మ్యాచ్ ఎప్పుడో నాకు ఒక కార్డు రాయండి. కాజీపేటలో పొద్దున్న బండెక్కి వచ్చేస్తాను.